చెరువు సంఘం వార్షిక నివేదిక, 2024–25 (సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చదివినది)

అధ్యక్షుల వారికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. నిరుడు కొంగలను లెక్కపెట్టాం, ఈ ఏడు ఎండ్రికాయల మీద పడ్డాం. "వేరే పని లేదా మీకు" అన్నవాళ్లే జూన్‌లో మాతోపాటు మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా.

ముందు కృతజ్ఞతలు. రాత్రిపూట పిల్లలను మా వెంట పంపడానికి ఒప్పుకున్న హెడ్‌మాస్టర్ గారికి, ఆ పిల్లల తల్లిదండ్రులకు, వలలు పక్కన పెట్టి మాకు దారి చూపిన మత్స్యకారుల సొసైటీ పెద్దలకు, అర్ధరాత్రి దాకా చాయ్ పోసి పైసలు తీసుకోని హోటల్ అన్నకు, బ్యానర్ అడిగిన వెంటనే ప్రింట్ చేసిచ్చిన తమ్ముడికి (బ్యానర్ మీద 'ఎండ్రకాయ' అని పడింది, అయినా సరే), కుర్చీలు ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి, అన్నిటికీ ముందుండే మహిళా సంఘం అక్కలకు వందనాలు. పేర్లు చదవడం లేదు. నిరుడు చదివితే ఒక పేరు మరిచిపోయాను, ఆ అన్న ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని. మృగశిర చొచ్చిన వారంలోనే గట్టి వాన పడింది. ఆ రాత్రి తొమ్మిదో తరగతి పిల్లలు, మనవాళ్లు కలిసి తూము కింది కాలువ వెంట నడిచాం. ఎండాకాలమంతా బొక్కలో లోతుకు పోయి తడి దగ్గర దాక్కున్న ఎండ్రికాయలు తొలకరి చినుకులకు బయటికి వస్తాయి. టార్చి వేస్తే కాడల మీది కళ్లు మెరుస్తాయి. పిల్లలు వెనక నుంచి డొప్ప పట్టుకోవడం పది నిమిషాల్లో నేర్చుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ బొటనవేలి మీద మచ్చ ఉంది.

ఒక పెద్ద ఎండ్రికాయను పట్టి వెల్లకిలా తిప్పిన పిల్లోడు "సార్, దీని కడుపుల పురుగులున్నయ్" అని అరిచాడు. పొట్ట కింద మడత కొంచెం తెరుచుకుని ఉంది. లోపల జొన్నగింజ కన్నా చిన్న ఎండ్రికాయలు, కాళ్లు, డెక్కలు అన్నీ ఉన్నవి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కదులుతున్నాయి. మాతో వచ్చిన అవ్వ, చిన్నప్పటి నుంచి బొక్కల్లో చెయ్యి పెట్టి పట్టిన మనిషి, వంగి చూసి "గది తల్లి బిడ్డా, ఇడిసిపెట్టు" అన్నది. ఆ మాటతో అందరూ టార్చిలు కిందికి దించేశారు.

ఆ ఒక్క దృశ్యంలోనే ఈ జీవం కథంతా ఉంది. సముద్రపు పీత లక్షల గుడ్లు పెడుతుంది. వాటి పిల్లలు పీత రూపం లేకుండా పురుగుల్లా నీళ్లలో తేలుతూ ఎక్కడికో పోయి పెరుగుతాయి. మన ఎండ్రికాయ గుడ్లు పెద్దవి, సంఖ్య తక్కువ. గుడ్డులోంచి నేరుగా చిన్న ఎండ్రికాయే వస్తుంది, కొన్నాళ్లు తల్లి పొట్టకే అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే అది దూరం పోలేదు. ఒక కుంటలో ఎండ్రికాయలు అంతరిస్తే పక్క ఊరి నుంచి కొట్టుకొచ్చి నిండేవి కావు. ఆడదో మగదో పోల్చడం కూడా సులువే. పొట్ట మడత వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది, సన్నగా మూలతేలి ఉంటే మగది. తొలకరి రోజుల్లో పులుసుకు పట్టేవాళ్లు ఒక్కసారి తిప్పి చూసి, తల్లి అయితే వదిలేయాలని ఆ రాత్రే తీర్మానం చేసుకున్నాం. దగ్గుకు ఎండ్రికాయల పులుసు మంచిదనే మాటను మేం కాదనడం లేదు, మగవి ఉన్నాయి కదా.

రైతు సభ్యుల ఫిర్యాదు కూడా న్యాయమైనదే. ఒడ్డుకు బొక్క పెడితే తెల్లారేసరికి మడి ఖాళీ. కానీ దానికి గుళికల మందు చల్లితే ఎండ్రికాయే కాదు, నత్తలు, కప్పలు, వాటిని తిన్న కొంగలు కూడా పోతాయి. ఆ గుళికల్లో ఒకటైన ఫోరేట్‌ను 2020 చివరికల్లా నిషేధించారు. అయినా పాత డబ్బాలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయని మనందరికీ తెలుసు. ఎండ్రికాయ పెరగాలంటే పైపెంకు విడవాలి. విడిచిన కొన్ని రోజులు ఒళ్లు మెత్తగా ఉంటుంది, అప్పుడు అది ఏ దెబ్బకూ ఆగదు. ఈ పెంకు విడవడాన్ని ఆపే హార్మోన్ దాని కంటి కాడల్లో ఉంటుంది. మన తెలుగు నేల ఎండ్రికాయల మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. మన ఊళ్లో మాత్రం అది ఒడ్డు తవ్వే దొంగే.

జనవరిలో ఇంకో సంగతి. మన సభ్యుల అబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో అక్వేరియం కొట్టు నుంచి ఎర్రటి క్రేఫిష్ (రొయ్యలా పొడుగ్గా, ఎండ్రికాయలా డెక్కలతో ఉండే మంచినీటి జీవి) తెచ్చాడు. అది తొట్టెలో చేపలను కొరుకుతుంటే చెరువులో వదిలేద్దామని కవర్లో వేసుకుని బయలుదేరాడు. కట్ట మీదే ఆపాం. క్రేఫిష్ మన ఎండ్రికాయకు దాయాది. తల్లి తోక కిందే పిల్లలను మోస్తుంది. కానీ మన దేశంలో సహజంగా అది ఎక్కడా లేదు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, మడగాస్కర్‌లలో వేటికవే సొంత జాతులున్నాయి. అమెరికా జాతులు మోసుకొచ్చిన తెగులు వాటిని చంపదు గాని, 1860 ప్రాంతంలో ఇటలీలో బయటపడ్డ నాటి నుంచి యూరప్ సొంత క్రేఫిష్‌ను నది తర్వాత నదిలో తుడిచిపెట్టింది. జర్మనీ అక్వేరియాల్లో 1990లలో కనిపించిన మచ్చల క్రేఫిష్ అయితే అన్నీ ఆడవే. మగది లేకుండా ఒక్కటే పిల్లలు పెడుతుంది. అది మడగాస్కర్ వరిపొలాల దాకా పాకింది. అబ్బాయి అర్థం చేసుకున్నాడు. ఆ క్రేఫిష్ ఇప్పుడు వేరే తొట్టెలో ఒంటరిగా, కోపంగా ఉందట.

కాలువకు రెండు వైపులా సిమెంట్ పోస్తారని తెలిసి, ఒక పక్క మట్టి కట్ట ఉంచమని సంబంధిత ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టాం. మొదటిది పైకి పోయిందన్నారు. రెండోది కింద ఉందన్నారు. మూడోసారి నేనే పోతే "ఎండ్రికాయలా? ఏ స్కీం కింద?" అని అడిగారు. సమాధానం ఇంకా వెతుక్కుంటున్నాను. చేపపిల్లలను 2016 నుంచి సర్కారే ఉచితంగా వదులుతున్నది, కొర్రమీనును రాష్ట్ర చేపగా పెట్టుకున్నాం. ఎండ్రికాయకు మాత్రం ఏ ఖాతాలోనూ జాగా లేదు.

వాలంటీర్ల గురించి చెప్పకపోతే అబద్ధమవుతుంది. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు పెట్టేవాళ్లు చాలామంది. ఆగస్టు లెక్కింపుకు వచ్చింది ఐదుగురు, అందులో ఇద్దరు నా ఇంటివాళ్లే. అది సాగర్ గేట్లు ఎత్తిన వారం. మిగతావాళ్లు అక్కడ సెల్ఫీలు దిగి, అవీ అదే గ్రూపులో పెట్టారు.

జమాఖర్చుల కాగితం తలుపు దగ్గర అంటించాం, చూసుకోండి. 340 రూపాయల తేడా వస్తున్నది. టార్చి సెల్లుల రశీదు దొరకలేదు, నేనే వేశాను. ఆడిట్ చేసినవారికి ధన్యవాదాలు.

వచ్చే మృగశిరకు మళ్లీ నడుస్తాం. సంఘం టార్చిలు రెండు ఇంకా ఎవరి దగ్గరో ఉన్నాయి. ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. మీటింగ్ అయ్యాక హోటల్ దగ్గర పెట్టి పోతే చాలు, అడగను.

— కార్యదర్శి