ఒక్క చాయ్‌కి గంటసేపు కూర్చోనిచ్చే చోటు: పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సికింద్రాబాద్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల, మూలమీద ఒక ఇరానీ హోటల్ ఉంది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. జీతం అందిన రోజు సాయంత్రం అమ్మను, నన్ను అక్కడికి తీసుకెళ్లేవారు. పరదా కట్టిన ఫ్యామిలీ క్యాబిన్‌లో కూర్చునేవాళ్లం. ఖీమా, రోటీ, తర్వాత చాయ్. నాన్న తన కప్పులోంచి కొంచెం సాసర్‌లో పోసి, ఊది, నా ముందుకు జరిపేవారు. మేం లేచేసరికి వెయిటర్ మా లెక్క ఎంతో గల్లా దాకా వినపడేలా కేకేసేవాడు. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆ పాలరాతి బల్ల దగ్గర కూర్చుంటే ఇప్పటికీ ఆయన ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది.

పోయిన వారం వెళ్తే గల్లా దగ్గర సేఠ్ గారు మెల్లగా చెప్పారు: "బిల్డింగ్ పడగొడతారంట బేటీ. మార్చి దాకా టైం ఇచ్చారు." వాళ్ల తాత ఇరాన్‌లోని యజ్ద్ నుంచి బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చారు. మూడు తరాలుగా అద్దె కడుతూనే ఉన్నారు. కొత్త కాంప్లెక్స్ లేచాక అడిగే అద్దె చాయ్ అమ్మి కట్టగలిగేది కాదు.

ఇది మా గల్లీ గోడు ఒక్కటే అయితే మీకు రాసేదాన్ని కాదు. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేది. కవి మఖ్దూం మొహియుద్దీన్, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ లాంటివాళ్లు కూర్చుని మాట్లాడుకున్న చోటు. అది పోయింది. అదే ఆబిడ్స్‌లో 1935లో మొదలైన గ్రాండ్ హోటల్ లాంటివి కొన్నే మిగిలాయి.

ఇరానీ చాయ్ ఇప్పుడు ప్రతి రోడ్డులో దొరుకుతోంది కదా, ఇంక పోయిందేముంది అని మీ అధికారులు అడగొచ్చు. నిజమే, దొరుకుతోంది. మూత బిగించి దమ్ మీద పెట్టిన డికాక్షన్, విడిగా చిక్కగా మరిగించిన పాలు, రెండూ కప్పులోనే కలవడం, ఆ పద్ధతి ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ ఆ కొత్త దుకాణాల్లో నిలబడి తాగి వెళ్లిపోవాలి. పాత హోటల్‌లో ఒక్క చాయ్ చెప్పి, అదీ వన్ బై టూ చెప్పి, గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఆటో అన్న, కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టారు, ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పలేక టెన్షన్‌తో వచ్చి కూర్చున్న మనిషి, అందరూ అవే కుర్చీల్లో. డబ్బు లేనివాడికి ఇంత మర్యాదగా కూర్చునే చోటు ఈ నగరంలో ఇంకెక్కడుంది? నాకు తెలిసి, పార్కు బెంచీ తప్ప లేదు.

ఇరాన్‌తో మన బంధం హోటళ్లతో మొదలైంది కాదు. 1591లో మొదలైన హైదరాబాద్‌కు నమూనా వేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ అక్కడినుంచి వచ్చినవారే. మనం రోజూ వాడే 'బజారు', 'గుమాస్తా', 'సిఫారసు', చివరికి ఆ 'రోజు' కూడా ఫారసీ నుంచి వచ్చిన మాటలే. నేను మీకు పెట్టుకుంటున్న ఈ 'దరఖాస్తు' కూడా.

2019లో యునెస్కో మన హైదరాబాద్‌ను ఆహార విభాగంలో క్రియేటివ్ సిటీగా గుర్తించింది. ఆ పేరు తెచ్చిన వంటిళ్లలో ఈ ఇరానీ హోటళ్లవీ ఉన్నాయి. మనకు 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. కానీ కట్టడాన్ని కాపాడినంత మాత్రాన అందులో వెలిగే పొయ్యి నిలవదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో 2015లో ఇదే సంగతి పట్టించుకుంది. ముప్పై ఏళ్లు దాటిన దుకాణాలు, హోటళ్లకు ఒక జాబితా పెట్టింది. అలాంటి వ్యాపారానికి పదేళ్లకు తక్కువ కాకుండా లీజు రాసిచ్చే బిల్డింగ్ యజమానికి నగరమే డబ్బు సాయం చేసే ఏర్పాటు చేసింది. ఓనరుకూ నష్టం లేదు, కిరాయిదారుకూ భయం లేదు.

అలాంటి జాబితా మన దగ్గరా పెట్టించండి. పాత హోటల్‌కు పదేళ్ల లీజు ఇచ్చే యజమానికి ఆస్తి పన్నులో రాయితీ ఇప్పించండి. రోడ్డు వెడల్పు కోసమో కొత్త కట్టడం కోసమో మూల బిల్డింగ్ పడగొట్టక తప్పకపోతే, మళ్లీ కట్టినప్పుడు అక్కడే, కింది అంతస్తులోనే, కట్టగలిగే అద్దెకు ఆ హోటల్‌కు చోటు దక్కేలా అనుమతుల్లో షరతు పెట్టించండి.

ముందుగా ఒకసారి వచ్చి చూడండి. మా హోటల్ పొద్దున అయిదింటికి తెరుస్తారు. ఆరులోపు వస్తే మొదటి విడత ఉస్మానియా బిస్కెట్లు వేడిగా ఉంటాయి, క్యాబిన్ పరదాలు ఇంకా అలాగే ఉన్నాయి. మార్చిలోపు రండి.

భవదీయురాలు,
సికింద్రాబాద్ నివాసి