మధ్య స్టేషన్లలో జరిగే ఆలస్యాన్నీ లెక్కించాలి

సంపాదకులకు నమస్కారం.

కాజీపేట–సికింద్రాబాద్ మార్గంలో రోజూ రైల్లో ఉద్యోగాలకు, కాలేజీలకు వెళ్లొచ్చేవాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. జనగామ, ఆలేరు, భువనగిరి స్టేషన్లలో పొద్దున పూట ఎవరిని కదిపినా ఒకటే టెన్షన్: ఇవాళ బండిని ఎక్కడ ఆపుతారోనని. ముందు గూడ్సు ఉందనో, వెనక సూపర్‌ఫాస్ట్ వస్తోందనో ప్యాసింజర్‌ను లూప్ లైన్లో, అంటే స్టేషన్ దగ్గర పక్కకు తీసిన పట్టాల మీద పెడతారు. పక్క లైన్లో బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటే, బోగీలో ఒకరు ఆఫీసుకు ఫోన్ చేసి లేటవుతుందని బతిమాలుకుంటూ ఉంటారు, ఇంకొకరు మధ్యాహ్నానికి తెచ్చుకున్న బాక్సు అక్కడే విప్పేస్తారు.

గూడ్సు బండ్లు వద్దని నేను అనను. సింగరేణి బొగ్గు, సిమెంటు, రామగుండం యూరియా, గోదాముల బియ్యం ఇవన్నీ పట్టాల మీద పోవడమే మంచిది. ఒక్క బొగ్గు రేక్‌లో, అంటే ఒక గూడ్సు బండి మొత్తం వ్యాగన్లలో, దాదాపు 3,800 టన్నులు పడుతుంది. అదే సరుకు 25 టన్నుల లారీల్లో వేస్తే 150 లారీలు రోడ్డెక్కాలి. పైగా రైల్వే ఆదాయంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు సరుకు రవాణాదే. మన నెలవారీ పాసు ఇంత చవగ్గా దొరుకుతోందంటే అది గూడ్సు చలవే.

చిక్కంతా వేగాల తేడాతో వస్తోంది. 2022 సెప్టెంబరు నుంచి ఈ మార్గంలో గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. నిండు గూడ్సు 75 దగ్గర నడిస్తే గొప్ప. ప్యాసింజరేమో స్టేషన్ స్టేషన్‌కూ ఆగాలి. ఈ మూడూ అవే పట్టాల మీద నడుస్తున్నప్పుడు, వేగంగా వచ్చే బండికి దారి ఖాళీ చేయడానికి మిగతావాటిని చాలా ముందే పక్కన పెట్టాలి. బరువు మీదున్న గూడ్సును ఆపితే మళ్లీ వేగం అందుకోవడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి తేలికైన ప్యాసింజర్‌నే ఆపుతారు. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడేసి గూడ్సులు కలిపి 177 వ్యాగన్లతో ‘త్రిశూల్’, ‘గరుడ’ అనే బండ్లు నడిపింది. గరుడ రాయచూరు నుంచి మణుగూరుకు ఖాళీ వ్యాగన్లు తీసుకెళ్లింది. మూడు బండ్ల దారిలో ఒక్కటే పోతుంది కనుక ఆలోచన మంచిదే. అయితే దాదాపు రెండు కిలోమీటర్ల బండి మామూలు స్టేషన్ల లూప్ లైన్లో పట్టదు, అది వస్తుంటే తప్పుకోవాల్సింది మిగతా బండ్లే.

కాజీపేట–విజయవాడ మూడో లైను 2012-13లో, కాజీపేట–బల్లార్షా మూడో లైను 2015-16లో మంజూరయ్యాయి. రెండు వైపులా ముక్కలు ముక్కలుగా పూర్తవుతున్నాయి, సంతోషం. కానీ అటు నుంచి సికింద్రాబాద్ వైపు వచ్చే బండ్లన్నీ కాజీపేట దాటాక ఘట్‌కేసర్ దాకా రెండు లైన్లలోనే సర్దుకోవాలి. విజయవాడ–నాగపూర్–ఇటార్సీ ప్రత్యేక సరుకు రవాణా కారిడార్ వస్తే చాలా గూడ్సులు ఈ చుట్టుపక్కల లైన్లు వదిలిపోతాయి. అది ఇంకా ప్రతిపాదన దశ దాటలేదు.

కొత్త లైన్లు వచ్చేలోగా చేయగలిగిన పని ఒకటుంది. రైలు సమయానికి నడిచిందా లేదా అన్నది చివరి స్టేషన్‌కు చేరిన సమయాన్ని బట్టే చూస్తారు. టైంటేబుల్లో చివరి స్టేషన్‌కు ముందు అదనపు నిమిషాలు కలిపి ఉంటాయి. అందుకే ఆలేరుకు అరగంట లేటుగా వచ్చిన బండి కూడా సికింద్రాబాద్‌లో కొద్ది నిమిషాల తేడాతో చేరి, లెక్కల్లో సరిగ్గా నడిచినట్టే కనిపిస్తుంది. భువనగిరిలో దిగి బస్సు అందుకోవాల్సిన నర్సు, జనగామలో దిగాల్సిన టీచరు ఆ లెక్కలో ఎక్కడా లేరు. పోగొట్టుకున్న సమయం కాగితం మీదకు రాకపోతే, దాన్ని తగ్గించాలన్న ఒత్తిడి మాత్రం ఎవరి మీద ఉంటుంది?

ఉదయం 7 నుంచి 10 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు నడిచే ప్యాసింజర్లు, ఇంటర్‌సిటీ బండ్లు ప్రతి స్టేషన్‌కు ఎప్పుడు వచ్చాయో, ఆగిపోతే దేనికోసం ఆపారో రైల్వే నెలనెలా ప్రకటించాలి. ఆ గంటల్లో సైడింగుల (సరుకు ఎక్కించే, దించే పక్క లైన్ల) నుంచి గూడ్సు బయల్దేరే సమయాన్ని కాస్త ముందుకో వెనక్కో జరపాలి. దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్‌తో ఎంపీల సమావేశాలు జరుగుతుంటాయి. కొత్త హాల్టులు, కొత్త రైళ్లు అడగడంతో పాటు, ఈ మార్గంలోని మన ఎంపీలు అక్కడ ఈ మధ్య స్టేషన్ల లెక్కలు కూడా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
మంత్లీ పాస్ ప్రయాణికురాలు,
జనగామ