ఆదివారం 1942 సంగతి, మర్చిపోకండి

అందరికీ నమస్తే 🙏 ఈ ఆదివారం పొద్దున పదిన్నరకి మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే కూర్చుందాం, ఈసారి చరిత్రలో ఒక్క ఏడాది గురించే మాట్లాడుకుందాం, 1942.

ఎందుకంటే ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతిలో పడిపోయింది, మార్చి 8న బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్, ఇంక ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి, ఇది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. యుద్ధం ఒకెత్తు, నాకైతే బర్మా సంగతే ఎక్కువ పట్టుకుంది. రంగూన్ రేవులో మూటలు మోసి, రైస్ మిల్లుల్లో పనిచేసిన తెలుగోళ్లు వేలమంది, ఓడ దొరకనోళ్లు అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలోనే పోయినోళ్లు ఎందరో. బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాల్ కరువుకి ఒక కారణం. ఆగస్టులో క్విట్ ఇండియా, 12న తెనాలిలో పోలీసు కాల్పులు, ఏడుగురు పోయారు, అక్కడి రణరంగ చౌక్ వాళ్ల గుర్తే.

మీ ఇంట్లో పెద్దవాళ్లని "రంగూన్ వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా" అని అడిగి రండి, పాత ఫొటో, ట్రంకుపెట్టె, ఏదున్నా తెండి. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడ 👍 పెట్టండి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు లెక్కేసి చెప్పాలి.

ప్రొజెక్టర్ కేబుల్ పోయినసారి నేనే మర్చిపోయా, ఈసారి ఇప్పుడే బ్యాగులో పెట్టేశా 😄 కుర్చీలు తక్కువున్నాయి, తలా ఒకటి తెచ్చుకోండి అన్నా, అక్కా.