సైకాలజీలో చేరే ముందు రిజిస్టరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షల ఫలితాలొచ్చిన వారంలో ఏ తెలుగు పత్రిక తిరగేసినా ‘మానసిక నిపుణుల’ సలహాలు కనిపిస్తాయి. ఆ నిపుణులెవరు? ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ చేసి మందులు రాసే డాక్టరా, ఆర్‌సీఐ అనే ప్రభుత్వ మండలి రిజిస్టరులో పేరున్న క్లినికల్ సైకాలజిస్టా, ఎమ్మే సైకాలజీ చదివిన కౌన్సెలరా, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టిన మనిషా? వార్తలో ఆ ముక్క ఉండదు. నలుగురికీ ఒకే పేరు. ఇంటర్ పాసై ‘సైకాలజీ తీసుకుంటా’ అనే పిల్లలు కూడా ఆ ఒక్క పేరే మనసులో పెట్టుకొని డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు ఇస్తున్నారు. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు అయ్యాక గానీ తామెక్కిన బండి తామనుకున్న ఊరికి పోదని తెలియడం లేదు.

ముందు చట్టం సంగతి. భారత పునరావాస మండలి, అంటే అందరూ ఆర్‌సీఐ అనేది, 1992 నాటి చట్టంతో చట్టబద్ధ సంస్థ అయింది. దాని పరిధిలోని వృత్తుల్లో క్లినికల్ సైకాలజిస్టు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టు రెండూ ఉన్నాయి. మండలి రిజిస్టరులో పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. (వెయ్యి రూపాయలు! హైదరాబాద్‌లో చాలాచోట్ల ఒక్క సిట్టింగ్ ఫీజే అంతకంటే ఎక్కువ.) 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని ఇంకాస్త విడమరిచింది. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదంటే సైకాలజీలో పీజీ అయ్యాక, పర్యవేక్షణలో జరిగే క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ ఉండాలి, దానికీ ఆర్‌సీఐ గుర్తింపు ఉండాలి. కాబట్టి మామూలు ఎమ్మే సైకాలజీ ఒక్కదానితో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కారు. గోల్డ్ మెడల్ వచ్చినా కారు.

ఈ దారి కూడా ఇప్పుడు మారుతోంది. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. తర్వాత క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 ప్రవేశాల వరకు గడువిచ్చింది. మరోవైపు ఎంఏ క్లినికల్ సైకాలజీ వంటి కొత్త కోర్సులను ఆర్‌సీఐ తెచ్చింది. ఐదారేళ్ల కిందట సీనియర్లు నడిచిన దారినే నమ్ముకొని ఇవాళ చేరితే మధ్యలో చిక్కుకుపోతారు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే.

ఎక్కువమంది మోసపోయేది కోర్సు పేరు దగ్గర. ఆర్‌సీఐ ఆమోదంతో నడిచే ‘క్లినికల్ సైకాలజీ’ ఉంది, ఏ విశ్వవిద్యాలయమైనా తన సిలబస్‌తో పెట్టుకోగల ‘క్లినికల్ సైకాలజీ’ ఉంది. బ్రోషర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండోది చదువుగా బాగానే ఉండొచ్చు, కానీ రిజిస్టరు వరకు తీసుకెళ్లదు. ఫీజు కట్టే ముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆమోదిత సంస్థల జాబితా తెరవండి. కాలేజీ పేరొక్కటే చూసి సంతోషపడొద్దు. ఆమోదం ఇచ్చేది కోర్సుకు, అదీ ఫలానా విద్యాసంవత్సరం నుంచి ఫలానా వరకు, ఇన్ని సీట్లకు అని. వైకల్యం ఉన్న పిల్లలకు బోధించేవారి కోర్సు స్పెషల్ బీఈడీకి ఆమోదం ఉన్న సంస్థ అదే ప్రాంగణంలో సైకాలజీ కోర్సు నడుపుతూ ‘ఆర్‌సీఐ గుర్తింపు పొందిన సంస్థ’ అని ప్రకటన ఇస్తే అందులో అక్షరం అబద్ధం ఉండదు, మీ అబ్బాయికి అక్షరం ఉపయోగమూ ఉండదు. సీట్లకు మించి చేర్చుకుంటే అదనంగా చేరినవారి రిజిస్ట్రేషన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ సీటు ఆమోదిత సంఖ్యలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

దూరవిద్య మాట కూడా చెప్పాలి. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి దగ్గరే సైకాలజీ పీజీ చేసిన గృహిణులు, టీచర్లు మన నగరంలో ఎందరో ఉన్నారు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఈ సబ్జెక్టు వస్తుందన్నది కారణం. బీఏలో మూడు సబ్జెక్టులుండి అందులో ఒకటి సైకాలజీ అయితే ఆ ఒక్కదాన్నే తీసేయాలి, మిగతావి నడుపుకోవచ్చు. ఇప్పటికీ ఎవరైనా ‘ఇంటి నుంచే ఎమ్మే సైకాలజీ, కొత్త బ్యాచ్’ అని ఫోన్ చేస్తే అది ఏ అనుమతితోనో అడగండి.

ఇక చదువులో ఏముంటుంది? మనుషుల మనసు చదవడం నేర్పుతారనుకొని హెచ్‌ఈసీ నుంచి వచ్చిన పిల్లలకు మొదటి దెబ్బ స్టాటిస్టిక్స్. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-టెస్టు, అనోవా లేకుండా ఈ సబ్జెక్టులో ఒక్క పరిశోధన పత్రం కూడా అర్థం కాదు. లెక్కలంటే భయమున్నవారు చేరకూడదని కాదు, మొదటి సెమిస్టరు నుంచే రోజుకో అరగంట కేటాయిస్తే సరిపోతుంది. లెక్కలు కట్టే ఖరీదైన ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. జమోవి, జాస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు డిగ్రీ, పీజీ అవసరాలన్నిటికీ చాలు.

ప్రాజెక్టుల్లో ఏటా అవే తప్పులు. ఇంగ్లిష్ ప్రశ్నావళిని రాత్రికి రాత్రి తెలుగు చేసి, గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లో పడేసి, రెండొందల జవాబులొచ్చాయని సంబరపడతారు. తెలుగు చేసిన ప్రశ్నావళిని, మూలం చూడని మరొకరు మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చాలి. రెండింటినీ పోల్చి, తేడా వచ్చిన వాక్యాలు దిద్ది, కొద్దిమందిపై ప్రయోగించి, ఆ తర్వాతే అసలు సేకరణ. తిరగేసి అడిగే ప్రశ్నలకు (ఆందోళన స్కేలులో ‘నాకు ప్రశాంతంగా ఉంది’ లాంటివాటికి) మార్కులు తిప్పడం మర్చిపోవడం మరో తప్పు. 1 నుంచి 5 దాకా స్కేలైతే వచ్చిన అంకెను 6 నుంచి తీసేయాలి. ఆ ఒక్క పని చేయకపోతే ఆందోళన ఎక్కువున్నవాడు ప్రశాంతంగా ఉన్నట్టు తేలుతుంది.

ప్రాక్టికల్స్‌లో సమానమైన గీతలు పొడవు తేడాగా కనిపించే మ్యుల్లర్-లయర్ భ్రమ, అద్దంలో చూస్తూ గీతలు గీయడం, ప్రతిచర్య కాలం లాంటివి ఆటలా అనిపిస్తాయి. పరీక్షించే మనిషి అందరికీ ఒకే మాటలతో, ఒకే క్రమంలో సూచనలివ్వడం అక్కడే అలవాటవుతుంది. తర్వాత ఐక్యూ పరీక్షలకు వచ్చేసరికి ఆ క్రమశిక్షణే దిక్కు. బిడ్డ వయసు లెక్కే తీసుకోండి. పరీక్ష తేదీ 2025 జూన్ 10, పుట్టిన తేదీ 2016 సెప్టెంబర్ 25. రోజుల్లో 10 నుంచి 25 పోదు కాబట్టి నెల నుంచి 30 రోజులు అప్పు తెచ్చుకోవాలి, నెలలకు చాలక ఏడాది నుంచి 12 తెచ్చుకోవాలి. ఎనిమిదేళ్ల ఎనిమిది నెలల 15 రోజులు వస్తుంది. ఇక్కడ ఒక ఏడాది ఎక్కువ వేస్తే వయసులవారీ పట్టికలో వేరే వరుస చూస్తారు, ఐక్యూ తగ్గిపోతుంది. ఆ అంకె మీదే వికలాంగ ధ్రువపత్రం ఆధారపడినప్పుడు అది చిన్న పొరపాటు కాదు. అదే పరీక్షను కొద్ది వారాల్లోనే మళ్లీ పెడితే ఇందుకు తలకిందులు. పిల్లవాడికి ప్రశ్నలు గుర్తుండి స్కోరు పెరుగుతుంది.

రిజిస్టరు దారి కాకుండా మరేముంది? చాలానే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల రంగంలో దేశానికి పెద్ద దిక్కు. దేశమంతా ఆటిజం ధ్రువీకరణకు వాడే ఐఎస్‌ఏఏ స్కేలు అక్కడ తయారైందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70 గానీ అంతకు మించిగానీ వస్తే ఆటిజం ఉన్నట్టు. నగరంలో ఉండి సైకాలజీ చదివేవారు పునరావాస రంగం వైపు చూడకపోవడం ఇంటి ముందు బావి ఉండగా నీళ్లకు ఊరవతలికి పోవడమే. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ, న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రాలున్నాయి. ఉస్మానియా పీజీ సీట్లకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, వంద ప్రశ్నలు, 90 నిమిషాలు. అధ్యాపక వృత్తికి నెట్ లేదా సెట్. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో హెచ్‌ఆర్, యూజర్ రీసెర్చ్ ఉద్యోగాలకు పనికొచ్చేది సర్వే సరిగ్గా రూపొందించగలగడం, డేటాను నమ్మకంగా చదవగలగడం. స్టాటిస్టిక్స్ తప్పించుకున్నవారికి అక్కడా చుక్కెదురే. సీరియళ్లు చూసి ‘క్రిమినల్ సైకాలజీ’ అడిగేవారికి ఒక్క మాట. నిందితుడి సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. ఆ రంగంలో ఉన్న కొద్ది ఉద్యోగాలూ ఎక్కువగా ఫోరెన్సిక్ ల్యాబుల్లోనే.

అందరికంటే ముందు తెరుచుకునేది విద్యాసంస్థల కౌన్సెలర్ ఉద్యోగం. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో తీర్పు చెబుతూ, వంద మంది గానీ అంతకు మించిగానీ విద్యార్థులున్న సంస్థలన్నీ అర్హుడైన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో నియమించాలని సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఇన్ని కార్పొరేట్ కాలేజీలున్న నగరంలో దాని అర్థమేమిటో వేరే చెప్పక్కర్లేదు. చేరేవారు జీతంతోపాటు కొన్ని అడిగి తేల్చుకోవాలి. తలుపు వేసుకోగల గది ఇస్తారా? విద్యార్థి చెప్పింది రాసుకున్న నోట్సు ఎవరి దగ్గరుంటుంది? ప్రాణాపాయం కనిపిస్తే ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలి? ఇవి రాతలో లేకపోతే నెల తిరిగేసరికి కౌన్సెలర్ ఇన్విజిలేటర్ అవుతారు, ప్రిన్సిపాల్ నోట్సు చూపమంటారు, పిల్లలు ఆ గది వైపు రావడం మానేస్తారు. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆ గది బయట రాసిపెట్టడం మొదటిరోజు పని.

పుస్తకాల్లో దొరకనిది భాష. సిలబస్ అంతా ‘యాంగ్జయిటీ’, ‘డిప్రెషన్’. ఎదురుగా కూర్చున్న మనిషి ‘బుగులైతున్నది’ అంటాడు, ‘రంది పెట్టుకున్న’ అంటాడు, ‘గుండె దడ, నరాల బలహీనత’ అంటాడు. పాతబస్తీలో ‘ఘబ్రాహట్’ అంటారు. ఈ మాటలను ఇంగ్లిష్ రోగాల పేర్లలోకి తొందరపడి మార్చకుండా, ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి సహిస్తోందా అని అదే భాషలో అడగగలిగిన విద్యార్థి ఇంగ్లిష్ మీడియం కాకపోయినా వెనకబడడు. తెలుగు మీడియం పిల్లలు ఈ సబ్జెక్టుకు జంకడం మాకు బాధగా ఉంటుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. సలహా ఇచ్చిన వ్యక్తి పేరు పక్కన ‘మానసిక నిపుణులు’ అని కాకుండా సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలర్ అని, చదివిన డిగ్రీతో సహా ముద్రించండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొన్నవారిని ఆర్‌సీఐ రిజిస్టరు సంఖ్య, అంటే సీఆర్‌ఆర్ నంబరు అడగండి. దాన్ని ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కనుక గడువు తేదీ కూడా చూడండి. రిజిస్టరులో ఉన్నవారెవరూ ఆ నంబరు చెప్పడానికి నీళ్లు నమలరు.

ఇట్లు,
సైకాలజీ అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్