మొహమాటం లేని మాట కావాలి

మా మాత్రల పెట్టె వాడుతున్నవారికి, వాడి విసిగి తిప్పి పంపినవారికి,

కొత్త పెట్టె ఈపాటికి మీ ఇళ్లకు చేరి ఉండాలి. చేరలేదు. విడిభాగాలు దొరకలేదనో, రవాణాలో చిక్కుకుందనో చెప్పి తప్పించుకోవచ్చు గానీ రెండూ అబద్ధాలే అవుతాయి. నమూనా సిద్ధమై చాలా రోజులైంది. నా బల్ల మీద, నా చేతిలో అది చక్కగా పనిచేస్తోంది. మీ చేతిలో ఎలా ఉంటుందో తేల్చుకోకుండా అచ్చులు పోయించడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. అందుకే ఆపాను. ఇప్పుడు ఒక ఫోకస్ గ్రూప్, అంటే వాడేవారిని కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి వాళ్ల అభిప్రాయాలు వినే సమావేశం, ఏర్పాటు చేస్తున్నాం. ఎలా చేయబోతున్నామో, ఎందుకింత ఆలస్యంగా మేల్కొన్నామో చెప్పడానికే ఈ ఉత్తరం.

పాత పెట్టె వేళకు మోగి ఊరుకునేది. కొత్తది మాట్లాడుతుంది. "మాత్ర వేసుకున్నారా?" అని అడుగుతుంది. మీరు నోటితో జవాబు చెప్పవచ్చు, పైనున్న గుండ్రటి మీట తిప్పవచ్చు, అవేవీ చేయకుండా మాత్రలున్న అర మూత తెరిచినా అదే గ్రహిస్తుంది. జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ అడుగుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ మోగే గడియారాన్ని భరించినంత తేలిగ్గా, అడిగిందే అడిగే యంత్రాన్ని మనుషులు భరించరు. ఆ "మళ్లీ అడగడం" శ్రద్ధగా తోస్తుందా, సాధింపుగా తోస్తుందా అన్నది వాడేవారే చెప్పాలి.

పాత పెట్టెను మేము బంధువులకు, స్నేహితులకు చూపించి అమ్మకానికి పెట్టాం. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ కాకి చుట్టాలకు కూడా ముద్దేనని నాకు అప్పుడు తెలిసింది. అందరూ బాగుందన్నారు. తీరా అమ్మాక పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. మేము పెట్టిన బజర్ మూడు వేల హెర్ట్జ్ దగ్గర కీచుమని మోగేది. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది ఇలాంటి హెచ్చు స్థాయి శబ్దాలనే. పనిచేసే చోట కుర్రవాళ్లందరికీ చెవులు గింగురుమనేంత బాగా వినిపించింది. ఎవరి కోసం చేశామో వారికి వినిపించలేదు. తిరిగి వచ్చిన వాటిలో ఒక పెట్టె నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. దాని దీపం మీద గాయానికి వేసే ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది, ఒకదాని మీద ఒకటి రెండు పొరలు. రాత్రుళ్లు ఆ వెలుగు కళ్లలో పడి ఎవరికో నిద్ర పట్టలేదన్నమాట. పెట్టెతో పాటు వచ్చిన కాగితంలో "నచ్చలేదు" అని మాత్రమే రాశారు. అసలు సంగతి ఆ ప్లాస్టర్ చెప్పింది.

ఈసారి బుద్ధి వచ్చిందనుకుని, అసలు సమావేశాలకు ముందు ఒక చిన్న కసరత్తు చేశాం. పరిచయస్తుల్లో ఐదుగురు పెద్దవాళ్లను పిలిచి నేనే ఎదురుగా కూర్చున్నాను. "మీట తిప్పడం సులభంగానే ఉంది కదండీ?" అని అడిగాను. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. నాకు పట్టలేనంత సంతోషం. వాళ్లు వెళ్లాక మూలన కూర్చున్న మా డిజైనర్ ఒక మాట చెప్పింది. ఆ చివర కూర్చున్న పెద్దావిడ వేళ్లు మీట మీద రెండుసార్లు జారాయట. ఆవిడ సంచిలోంచి చేతిరుమాలు తీసి, దాన్ని మీటకు చుట్టి తిప్పి, రుమాలు మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నారట. ఆ తర్వాతే నాతో, "సులభంగానే ఉందండీ, మీరేం దిగులు పడకండి" అన్నారు. నేను ఆ రుమాలు చూడనేలేదు. ఆవిడ ముఖం వంకే చూస్తున్నాను, మెచ్చుకోలు కోసం.

మొహమాటం గురించి మన భాషలో ఒక సామెత ఉంది, మర్యాదస్తుల ముందు ఇక్కడ రాయలేను. మా ప్రణాళిక మొత్తం ఆ మొహమాటాన్ని గదిలోకి రానివ్వకుండా ఎలా చేయాలన్న ఆలోచనే.

మొదటి నిర్ణయం: ఆ గదిలో నేను ఉండను. పెట్టె చేసినవాడు ఎదురుగా ఉంటే దాన్ని తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది? సమావేశం నడిపే మోడరేటర్ బయటి మనిషి. ఆమెకు మా పెట్టె అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే. నేను తర్వాత రికార్డింగ్ వింటాను. ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. 1941లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్‌ను ఆయన సహోద్యోగి పాల్ లాజర్స్‌ఫెల్డ్ ఒక రేడియో పరిశోధన చూడటానికి తీసుకువెళ్లాడు. శ్రోతలు కార్యక్రమం వింటూ, నచ్చినప్పుడు ఆకుపచ్చ బటన్, నచ్చనప్పుడు ఎర్ర బటన్ నొక్కుతున్నారు. ఆ తర్వాత ఎందుకు నొక్కారో అడుగుతున్నారు. అడిగే మనిషి తనకు కావలసిన జవాబు వైపు శ్రోతలను నడిపిస్తున్నాడని మెర్టన్ అక్కడే తప్పు పట్టాడు. అయితే నువ్వే అడుగు అన్నారు, అడిగాడు. ఈనాటి ఫోకస్ గ్రూప్‌కు మూలాలు అక్కడ ఉన్నాయి. ఎనభై ఏళ్ల కిందట పట్టుకున్న తప్పును నేను మొన్న చేతిరుమాలు సాక్షిగా మళ్లీ చేశాను.

రెండవది, గుంపుల కూర్పు. మొత్తం మూడు గుంపులు, ఒక్కోదానిలో ఆరుగురు. మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఒక గుంపు. వాళ్లను చూసుకునే కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు వేరే గుంపు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకూడదని పట్టుబట్టింది మోడరేటరే. "అమ్మకు ఇవన్నీ తెలియవండీ" అని ఒక్క మాట అంటే చాలు, ఆ అమ్మ ఇక నోరు తెరవదు అంటారామె. మూడవ గుంపు పాత పెట్టె తిప్పి పంపినవారు. నేను భయపడేది, ఎక్కువగా ఆశ పెట్టుకున్నదీ ఆ గుంపు మీదే.

ప్రతి సమావేశం గంటన్నర, మధ్యలో విరామం. వచ్చీ రాగానే చర్చ ఉండదు. ముందు ఒక్కొక్కరికీ పెట్టె ఇచ్చి, విడిగా వాడమంటాం. పక్కన ఒకరు కూర్చుని చేతులను గమనిస్తారు, సాయం చేయరు. వాడకంలో ఎక్కడ తడబడతారన్నది అలా చూసి తెలుసుకోవలసిందే, నలుగురిలో అడిగితే బయటపడదు. తర్వాత ప్రతివారూ తమ అభిప్రాయం కాగితం మీద రాసుకుంటారు, ఆపైనే మాటలు. మొదట మాట్లాడినవారి వైపు మిగిలినవారు ఒరిగిపోవడం ఎక్కడైనా ఉండేదే. ముందే రాసి పెట్టుకున్న మాట మీద నిలబడటం కొంత తేలిక. రాయడం కష్టమైనవారు చెబితే మా మనిషి రాస్తారు.

పెట్టెకు మూడు గొంతులు సిద్ధం చేశాం. వాటిని ఒక్కో గుంపుకు ఒక్కో వరుసలో వినిపిస్తాం. దీనికీ ఒక కారణముంది. 1977లో నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. అచ్చం ఒకేలా ఉన్న నాలుగు జతల మేజోళ్లను వరుసగా పెట్టి, వీటిలో ఏది మేలైనదో చెప్పమన్నారు. మిగతా వాటికంటే కుడి చివర ఉన్నదాన్నే ఎక్కువ మంది ఎంచుకున్నారు. ఎందుకంటే నాణ్యత అన్నారు, నేత అన్నారు. అది ఉన్న చోటు గురించి ఒక్కరూ చెప్పలేదు. కాబట్టి చివర వినిపించిన గొంతే నచ్చిందంటే, అది గొంతు గొప్పతనమని మేము మురిసిపోదలుచుకోలేదు.

ప్రశ్నల జాబితాలో నేను రాసిన వాటిని మోడరేటర్ దాదాపు అన్నింటినీ కొట్టేశారు. "బాగుందా?" పోయింది. "కొంటారా?" పోయింది, కొంటానని మాట వరసకు అనడానికి ఎవరికీ ఖర్చుండదు కదా. వాటి బదులు, "నిన్న రాత్రి మాత్రలు వేసుకున్న సంగతి మొదటి నుంచి చెప్పండి" అన్నది మొదటి ప్రశ్న. "ఇది మీ ఇంట్లో ఉంటే ఎక్కడ పెడతారు? రాత్రి ఇంటికి ఎవరైనా వస్తే అలాగే మాట్లాడనిస్తారా?" అన్నది ఇంకొకటి. ఈ చివరిది నాకు తట్టనే లేదు. మాత్రల సంగతి అతిథుల ముందు గట్టిగా అరిచే పెట్టెను ఎవరు మాత్రం ఉంచుకుంటారు?

మీరు ఏ జబ్బుకు ఏ మందు వాడుతున్నారో ఎవరూ అడగరు. పెట్టెలో మాత్రలకు బదులు చొక్కా గుండీలు ఉంటాయి. మీ అనుమతి లేనిదే రికార్డింగ్ ఉండదు, నివేదిక రాశాక చెరిపేస్తాం. మీ సమయానికి ఇచ్చే పారితోషికం మెచ్చుకున్నా తిట్టినా ఒకటే. విసుగొచ్చి మధ్యలో లేచి వెళ్లినా పూర్తిగా ఇస్తాం.

పద్ధెనిమిది మంది మాటను పట్టుకుని "ఇంత శాతం మెచ్చారు" అని ప్రకటన వేయం. అంతమందితో శాతాలు కట్టడం మోసమే. మేము ముందుగానే రాసి పెట్టుకున్న నియమం వేరే: రెండు గుంపులు విడివిడిగా ఒకే చోట తడబడితే, అచ్చు మార్చవలసి వచ్చినా సరే దాన్ని మారుస్తాం. మీట ఎలాగూ మారుస్తున్నాం, అంచుకు గరుకు పట్టు వస్తుంది.

అందువల్ల విడుదల తేదీ ఇప్పుడు చెప్పలేను. ముందుగా డబ్బు కట్టినవారు ఆగలేమంటే మొత్తం వెనక్కి ఇస్తాం, కారణం అడగం. సమావేశానికి రావాలనుకునేవారు ఈ ఉత్తరానికి జవాబుగా మీ పేరు, మూడు గుంపుల్లో దేనికి చెందుతారో రాయండి. మా బంధువులు, స్నేహితులు దయచేసి రాయవద్దు, మీ ప్రేమ మాకు తెలుసు.

పాత పెట్టె ఇంకా ఇంట్లో ఉంటే వెంట తీసుకురండి. దాని మీద ప్లాస్టరో, దారమో, పెన్నుతో రాసిన గీతో ఏదైనా ఉంటే తీసేయకుండా, తుడవకుండా అలాగే తీసుకురండి.