జెండాపాట లేని మార్కెట్

సంపాదకుల వారికి,

సోవియట్ ప్రణాళికపై మీరు వేసిన వ్యాసం చదివాను. తప్పులన్నీ మార్క్స్ ఖాతాలో రాసేశారు. ఆయన విప్పి చూపింది పెట్టుబడిదారీ విధానాన్ని. ప్రణాళిక ఎలా నడపాలో చెప్పింది చాలా తక్కువ. ఆ యంత్రాంగం 1921లో ఏర్పడిన సోవియట్ ప్రణాళికా సంఘం గోస్‌ప్లాన్‌ది, 1928లో మొదలైన తొలి పంచవర్ష ప్రణాళికది.

ఉక్కు, కరెంటు వేగంగా పెరిగాయి, కాదనలేం. చిక్కంతా ధరల దగ్గరే. మా వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి రైతు పొద్దున్నే జెండాపాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, విని, బస్తాలు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా తేల్చుకుంటాడు. (అందులోనూ మాయ ఉందనుకోండి, అది ఇంకో ఉత్తరం.) సోవియట్‌లో ధర ఆఫీసులో రాసేవారు. రొట్టె ఎంత చవకంటే, కొందరు పశువులకు మేపేవారు. ఫ్యాక్టరీలకు టన్నుల్లో టార్గెట్ పెడితే, అది అందుకోవడానికే సరుకు బరువెక్కేది.

ఈ లోపం అక్కడివాళ్లకూ తెలుసు. ప్లైవుడ్ ఫ్యాక్టరీ లెక్క ఒకటి తేల్చబోయి, వనరులకు విలువ కట్టే గణిత పద్ధతిని 1939లోనే చూపాడు సోవియట్ గణితవేత్త కాంటొరోవిచ్. అధికారులు చాలాకాలం పట్టించుకోలేదు. 1975లో ఆయనకు నోబెల్ వచ్చింది. మీ వ్యాసంలో ఆయన పేరే లేదు.

– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ