ఆ సాయంకాలపు ట్యూన్ గురించి రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను తెనాలిలో ఒక భజన మందిరంలో హార్మోనియం వాయిస్తాను. చర్చికి వెళ్లేవాణ్ణి కాదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం మతం గురించి కాదు, 'అబైడ్ విత్ మీ' అనే ఇంగ్లీషు క్రైస్తవ కీర్తన ట్యూన్ గురించి.

జనవరి 29 సాయంత్రం మా ఇంట్లో దూరదర్శన్ పెట్టాల్సిందే. ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్, అంటే గణతంత్ర వేడుకల్ని ముగించే సైనిక బ్యాండ్ల కార్యక్రమం. వెనకాల ఒంటెలు బొమ్మల్లా నిలబడి ఉంటాయి, ఎండ పల్చబడుతూ ఉంటుంది. అప్పటిదాకా మోగిన డ్రమ్ములు సద్దుమణిగాక 'అబైడ్ విత్ మీ' మొదలయ్యేది. దూరం నుంచి గంటలు బదులు పలికేవి. కార్యక్రమం అంతా ఏదో ఒక వ్యాఖ్యానం చేస్తూ కూర్చునే మా నాన్న అక్కడికి వచ్చేసరికి ఊరుకునేవారు. గాంధీగారికి ఇష్టమైన పాటని మాత్రమే ఆయనకు తెలుసు, ఇంగ్లీషు మాటలు రావు.

2022లో దాన్ని తీసేసి 'ఏ మేరే వతన్ కే లోగో' పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లవుతోంది, మన బాణీలే ఉండాలన్నారు. ఆ మాట నేను కాదనను. బ్యాండు మాత్రం ఎవరిదండీ అని ఎదురు ప్రశ్నలూ వెయ్యను, దానితో వాదన పెరుగుతుందే గానీ తెగదు. నన్ను ఇబ్బంది పెట్టింది, అప్పుడు చాలామంది నోట విన్న 'తెల్లదొరల పాట' అన్న మాట. ఆ బాణీ కట్టినాయన దొర కాదు. ఊళ్లో గుడి చూసుకునే మేళగాడి లాంటివాడు.

పేరు విలియం హెన్రీ మాంక్. 1823లో లండన్‌లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే ఒక చర్చిలో ఆర్గానిస్టు, అంటే ఆర్గాన్ అనే వాద్యం వాయించేవాడు అయ్యాడు. రెండు మూడు చర్చిలు మారాక 1852లో స్టోక్ న్యూవింగ్టన్‌లోని సెయింట్ మథయాస్ చర్చికి వచ్చాడు. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. 1889లో పోయేదాకా, ముప్ఫై ఏడేళ్లు అదే చర్చి. కూలికి పాడేవాళ్లు కాకుండా ఇష్టంతో వచ్చేవాళ్లతో బృందం కట్టి, రోజూ పాటలతో ఆరాధన జరిపించాడు. రోజూ అంటే ఏమిటో మా భజన మందిరంలో శనివారానికి నలుగుర్ని కూడగట్టే నాకు తెలుసు. దానితో పాటు కింగ్స్ కాలేజీలో సంగీతం చెప్పాడు, పేద అంధుల బడిలోనూ చెప్పాడు. ఆ రోజుల్లో ఆర్గాన్‌కి కరెంటు లేదు. వెనకాల ఒకడు తిత్తి కొడుతుంటేనే ముందు కూర్చున్నవాడి చేతికింద స్వరం పలికేది. హార్మోనియంలో రెండు పనులూ మనమే చేసుకుంటాం, అంతే తేడా.

1861లో 'హిమ్స్ ఏన్షియంట్ అండ్ మోడర్న్' అనే కీర్తనల పుస్తకం వచ్చింది. దానికి సంగీత సంపాదకుడు మాంకే. తర్వాతి కాలంలో అది కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. అందులో 'అబైడ్ విత్ మీ' ఉంది. రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ సముద్రపు ఒడ్డున బ్రిక్స్‌హామ్ అనే ఊళ్లో ఫాదరు. ఆరోగ్యం పాడై 1847లోనే పోయాడు. అంటే ఈ బాణీ ఆయన వినలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం వేసినట్టు వాళ్లు ట్యూన్‌కి వేరే పేరు వేస్తారు. దీని పేరు 'ఈవెన్‌టైడ్', సాయంవేళ.

ఇది ఎలా పుట్టిందో రెండు కథలున్నాయి. పుస్తకం కమిటీ మీటింగులో మాంక్ పది నిమిషాల్లో కట్టేశాడని ఒకటి. పెద్ద దుఃఖంలో ఉన్న రోజుల్లో తామిద్దరం పొద్దు గుంకడం చూస్తుండగా వచ్చిందని ఆయన భార్య చెప్పిన మాట ఇంకొకటి. నాకు రెండూ నమ్మబుద్ధవుతుంది. ఏళ్ల తరబడి లోపల ఉన్నది పది నిమిషాల్లో బయటికి రావడం పాట కట్టేవాళ్లకి కొత్తేం కాదు.

నేను హార్మోనియం మీద పట్టి చూశాను. శంకరాభరణం మెట్లే. గా గ రి సా పా, ద ప ప మ గా. మొదటి గాంధారం మీద కాసేపు నిలవాలి, అదే దాని ప్రాణం. రెండో పాదం చివర ఒకే ఒక్కసారి ప్రతిమధ్యమం, అంటే కాస్త హెచ్చు మధ్యమం, తగిలి పంచమానికి ఎక్కుతుంది. మూడోది మళ్లీ మొదటిదానిలాగే ఎత్తుకుంటుంది. నాలుగోది షడ్జమానికి దిగి ఆగిపోతుంది. ఇంతే. స్వరాన్ని ఊపే గమకం లేదు, పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతి లేదు. సంగీతం రానివాళ్లు కూడా పాడాలని కట్టిన బాణీ. ఇంగ్లండ్‌లో 1927 నుంచి ఫుట్‌బాల్ కప్ ఫైనల్లో స్టేడియం మొత్తం దీన్ని పాడుతోందంటే అందుకే.

నేను అడిగేది ఇదీ. 'ఏ మేరే వతన్ కే లోగో' తీయకండి, అది చైనా యుద్ధంలో పోయిన మన జవాన్ల కోసం పుట్టిన పాట. దాని తర్వాత, జెండా దించే ముందు, ఈ నాలుగు పాదాలూ ఒక్కసారి వాయించనివ్వండి. నిమిషం, మహా అయితే రెండు. పాత బ్యాండు మాస్టర్లకు కంఠతా వచ్చిందే, కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఆ గంటలు కూడా పెట్టించండి. కామెంటరీ చెప్పేవాళ్లు గాంధీగారి పేరుతో పాటు మాంక్ పేరు కూడా ఒక ముక్క చెబితే బాగుంటుంది. ఇన్నేళ్లు చూశాను, టీవీలో ఆ పేరు ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక హార్మోనియం వాయిద్యగాడు